రంగుకి రంగు

మా షెడ్డులో కంప్యూటర్ చచ్చిపోయిన రోజు నాకు ఏడుపు రాలేదు. హమ్మయ్య అనిపించింది. ఆ మాట ముందే చెప్పేస్తే నాకు తేలిక.

మాది గాజువాక ఆటోనగర్‌లో రేకుల షెడ్డు. మేం చేసే పని బయటివాళ్ళకి ఓ పట్టాన అర్థం కాదు. ఫ్యాక్టరీల్లో గాలి తోలే పెద్ద ఫ్యాన్లుంటాయి. ఆ రెక్కల చక్రాన్ని రోటర్ అంటాం. తిరిగేటప్పుడు ఒక పక్క బరువెక్కువైతే అది అదురుతుంది, అదిరి అదిరి బేరింగుల్ని తినేస్తుంది. దాన్ని మా మెషీన్ మీదకెక్కించి తిప్పితే, ఏ పక్క ఎంత తేడా ఉందో కంప్యూటర్ తెర మీద అంకెల్లో పడుతుంది. తక్కువైన చోట చిన్న ఇనప ముక్క వెల్డింగ్ చేస్తే అదురు ఆగిపోతుంది. కారు చక్రానికి సీసం ముక్క కొడతారు చూడండి, అదే పని, కాకపోతే చక్రం మనిషంత ఉంటుంది.

మెషీన్ బావ చూసుకుంటాడు, కంప్యూటర్ నేను చూసుకుంటాను. బావంటే మా ఆయనే. నాకు సొంత మేనత్త కొడుకు. గౌను వేసుకున్న రోజుల నుంచీ బావా అని పిలవడం అలవాటు, పెళ్ళయ్యాక 'ఏవండీ' అందామని ఓ వారం ప్రయత్నించి నవ్వొచ్చి మానేశాను.

ఆ కంప్యూటర్ మెషీన్‌తోపాటు వచ్చింది. వచ్చినప్పుడు తెల్లగా ఉండేది, ఇప్పుడు చుట్ట తాగే ముసలాయన పళ్ళ రంగులో ఉంది. దాని లోపల మూరెడు కార్డు ఒకటుంది. మెషీన్ అదురుని కొలిచేది ఆ కార్డే. ఇప్పుడొచ్చే మదర్‌బోర్డుల్లో ఆ కార్డు పట్టే గాడి ఉండదు. అందుకని కొత్త కంప్యూటర్ కొన్నా మాకు పనికిరాదు. మెషీన్ అమ్మిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. ఆ పాత బోర్డు, ఆ పాత కార్డు, రెండూ ఊపిరితో ఉన్నన్నాళ్ళే మా మెషీన్‌కి ఊపిరి.

ఈ ఊళ్ళో ఇనుముకి రెండు పీడలున్నాయి. ఒకటి సముద్రం మీంచి వచ్చే ఉప్పుగాలి, రెండోది ఎక్కడినుంచి వస్తుందో ఎవరూ ఒప్పుకోని నల్లదుమ్ము. ఉతికి ఆరేసిన తెల్ల చొక్కా సాయంత్రానికి బూడిద రంగులోకి వచ్చేస్తుంది. మరి కంప్యూటర్ సంగతి చెప్పాలా? రేకుల కింద వేడికి తట్టుకోలేదని దానికి పక్క మూత ఏనాడో పీకేశాం. లోపలి తీగలన్నీ పేగుల్లా బయటికి కనబడుతుంటాయి. ఎదురుగా ఒక టేబుల్ ఫ్యాన్ ఎప్పుడూ తిరుగుతుంటుంది. మాకు చెమటలు కారినా సరే, ఆ ఫ్యాన్ దానిదే. ఆదివారం అందరూ చికెన్ తెచ్చుకుంటే నేను పెయింటు బ్రష్షు పట్టుకుని దాని దుమ్ము దులుపుతాను.

ఏళ్ళ తరబడి అది పోతుందేమోనన్న భయంతోనే బతికాం. అది పోతే మెషీన్ పాత ఇనుము. మెషీన్ పాత ఇనుమైతే షెడ్డెందుకు? షెడ్డు లేకపోతే బావ వెళ్ళి తన మేనల్లుడి దగ్గర పని చేయాలి. ఆ మేనల్లుడికి పరవాడ వైపు పెద్ద వర్క్‌షాపుంది. మంచివాడే. "మావయ్యా, వచ్చి సూపర్‌వైజరుగా కూసో, నీకు బరువులెత్తే పనుండదు" అని పండక్కొచ్చినప్పుడల్లా అంటాడు. బావ నవ్వేసి ఊరుకుంటాడు. ఇంటికొచ్చాక మాత్రం అన్నం ముందు కూర్చుని, "నా సేత్తో ముక్కు తుడిసిన గుంటడికి నాను గుడ్మాణింగ్ సెప్పాలేటి?" అంటాడు. అందుకని ఆ కంప్యూటర్ బతకాలి. బావ మెడ వంచకుండా ఉండాలంటే అది బతకాలి. ఇంతే మా కథ.

కానీ నేను అలిసిపోయాను. ఎవరితోనూ అనలేదు గానీ నిజంగా అలిసిపోయాను. పాత హార్డ్‌డిస్క్ కోసం తిరిగాను, పాత తెర కోసం తిరిగాను, పాత కీబోర్డు కోసం తుక్కు కొట్లలో వంగి వంగి నడుం పోగొట్టుకున్నాను. పెళ్ళికి ముందు ఏదో సరదాకి హార్డ్‌వేర్ కోర్సు చేసిన పాపానికి, దేవుడు నన్ను ఈ ఒక్క డబ్బాకి దాసీని చేశాడు. తోటి ఆడవాళ్ళు మోకాళ్ళ నొప్పులకి నూనెల గురించి మాట్లాడుకుంటుంటే, నేను మదర్‌బోర్డు బ్యాటరీ గురించి ఆలోచిస్తూ కూర్చునేదాన్ని.

సరిగ్గా ఫిషింగ్ హార్బర్ దగ్గరున్న ఐస్ ఫ్యాక్టరీ వాళ్ళ రోటర్ దింపి లారీ వెళ్ళిందో లేదో, కంప్యూటర్‌లోంచి 'టప్' మని చప్పుడొచ్చింది. కాలిన బెల్లం వాసనలాంటిది షెడ్డంతా కమ్ముకుంది. తెర నల్లబడిపోయింది. మూలిగే నక్క మీద తాటిపండు పడ్డట్టయింది. బావ చేతిలోని రోటరెత్తే గొలుసు వదిలేసి వచ్చాడు.

"ఏటైపోనాదే?"

"ఉండు, సూడనీ."

వాసన చూశాను. కాలింది బోర్డు కాదు, కరెంటు ఇచ్చే సప్లై డబ్బా. బోర్డు మీద కెపాసిటర్లేవీ ఉబ్బలేదు. కార్డు చల్లగా ఉంది. డబ్బా మారిస్తే బతకొచ్చు. ఆ సంగతి బావతో చెప్పేముందు, ఇది ఇక లేవదంటే ఈ చాకిరీ తప్పుతుంది కదా అని ఒక్క క్షణం ఆశపడ్డాను. హమ్మయ్య అనిపించిందన్నది ఆ క్షణం గురించే. తర్వాత బావ మొహం చూశాను. గడ్డం నెరిసి, కళ్ళ కింద సంచులు దిగి, నా మాట కోసం ఎదురు చూస్తున్నాడు.

"సప్లై ఒక్కటే పోనాది బావా. కొత్తది తెత్తాను" అన్నాను.

మద్దిలపాలెంలో కంప్యూటర్ షాపుంది. గాజువాక నుంచి అక్కడికి బస్సులో వెళ్ళడమంటే ఎండాకాలంలో ఓ చిన్న తీర్థయాత్ర. పాత డబ్బాని గుడ్డసంచిలో పెట్టుకుని ఒళ్ళో కూర్చోబెట్టుకుని వెళ్ళాను. షాపాయన దాన్ని చూసి, "ఇదెక్కడిదండి మేడమ్, మా నాన్న కొట్టెట్టినప్పటిది" అని నవ్వాడు. కొత్త డబ్బా తీసి చూపించాడు. బోర్డుకి గుచ్చే పెద్ద ప్లగ్గు మా పాతదానికి ఇరవై కాళ్ళు, కొత్తదానికి ఇరవై నాలుగు. కొత్తదాంట్లో చివరి నాలుగు కాళ్ళ ముక్క విడిగా ఊడొస్తుంది. "ఈ ముక్క పక్కకి తప్పించీసి మిగతాది గుచ్చీండి, సరిపోద్ది" అన్నాడు. అతను చెప్పింది అబద్ధం కాదు. మామూలు కంప్యూటర్లకైతే అదే సరిపోతుంది.

మర్నాడు పొద్దున్నే గుచ్చాం. ప్లగ్గు నోట్లో వేలు పెట్టినంత సులువుగా కూర్చుంది. మీట నొక్కగానే పాత కంప్యూటర్ గురక మొదలెట్టింది, తెర వెలిగింది, మా ప్రోగ్రామ్ నీలం రంగులో పైకి లేచింది. బావ రెండు చేతులూ జోడించాడు. "నీ సెయ్యి సల్లగుండ" అన్నాడు. రోటర్ ఎక్కించి తిప్పాం. తెర మీద అంకె కదలాలి. కదలలేదు. రోటర్ తిరిగినా సున్నాయే, ఆపినా సున్నాయే. అంత ఇనుము కళ్ళముందు అదురుతుంటే కంప్యూటర్ మాత్రం అంతా ప్రశాంతం అంటోంది.

కార్డు తీసి తుడిచి మళ్ళీ పెట్టాను. తీగలు ఊడదీసి మళ్ళీ బిగించాను. ఎక్కడ వేసిన గొంగళి అక్కడే. మధ్యాహ్నం క్యారేజీ అలానే ఉండిపోయింది. అప్పుడు బావే అన్నాడు, "పాతదీ కొత్తదీ పక్కపక్కనెట్టి సూడరాదేటే?"

పేపరు పరిచి రెండు ప్లగ్గులూ పక్కపక్కన పెట్టాను. ఆటోనగర్‌లో ఎవర్నడిగినా కరెంటు పనికి ఒకే సూత్రం చెబుతారు. రంగుకి రంగు. ఎరుపుకి ఎరుపు, నలుపుకి నలుపు కలిపితే దోషం లేదు. అలా ఒక్కో తీగా వేలితో తాకుతూ పోయాం. ఎరుపులు సరిపోయాయి, నలుపులు సరిపోయాయి, నారింజ, నీలం, ఆకుపచ్చ, అన్నీ వాటి చోట్లలోనే ఉన్నాయి. ఒక్క చోట మాత్రం కొత్త ప్లగ్గులో రంధ్రం ఖాళీగా ఉంది. తీగే లేదు. పాతదాంట్లో ఆ రంధ్రంలో పసుపు తీగ ఉంది.

"ఇదేటి? పాతదానికి రెండు పసుపులు, దీనికొకటేనా?" అన్నాడు బావ.

నాకు నాలుగు కాళ్ళ విడి ముక్క గుర్తొచ్చింది. తీసి చూశాను. దాంట్లో ఒక పసుపు తీగ వృథాగా ఉంది. ఇంకేం కావాలి? పోయిందనుకున్న మేక మందలోనే కనబడ్డట్టయింది. పాతదానికి రెండు పసుపులు, కొత్తదానికీ రెండు పసుపులు. కాకపోతే కొత్తదాంట్లో రెండోది వేరే చోట కూర్చుంది. దాన్ని తీసి ఈ ఖాళీ రంధ్రంలో పెడితే లెక్క సరి. కార్డుకి తిండి పెట్టేది ఆ తీగే అయ్యుంటుంది, అందుకే అది ఆకలితో సున్నా చూపిస్తోంది. ఇద్దరం ఒకేసారి అలాగే అనుకున్నాం.

గాజులకి తగిలించుకున్న పిన్నీసులు రెండు తీశాను. ప్లగ్గులో తీగ చివర ఒక చిన్న ఇత్తడి మొన ఉంటుంది. దానికి రెండు పక్కలా ముళ్ళు విచ్చుకుని బయటికి రాకుండా పట్టుకుంటాయి. రెండు పిన్నీసులతో రెండు ముళ్ళనీ లోపలికి నొక్కి తీగ లాగాలి. కళ్ళజోడు జారిపోతోంది, చెమట కళ్ళల్లోకి కారుతోంది. చాలాసేపటికి తీగ ఊడొచ్చింది. ఖాళీ రంధ్రంలోకి తోశాను. 'టిక్' మంది. ప్లగ్గు బోర్డుకి గుచ్చాను.

"మెయిన్ దగ్గర నిలబడు బావా. నాను సెప్పినప్పుడు ఎయ్యి" అన్నాను.

బావ షెడ్డు మూలనున్న మెయిన్ స్విచ్ దగ్గరికి వెళ్ళాడు. కొత్త డబ్బా తీగలు టేబుల్ ఫ్యాన్‌కి తగిలేలా వేలాడుతున్నాయి. వాటిని కట్టడానికి ఏదో ఒకటి కావాలి. మా షెడ్డులో కొత్త వస్తువు కొనడమంటే ఆఖరి మాట. అందుకని పాత డబ్బా తీగల కట్టకి ఉన్న ప్లాస్టిక్ పట్టీ మీద నా కన్ను పడింది. పిన్నీసు మొనతో దాని గొళ్ళెం లేపి వదులు చేసి లాగేశాను.

పట్టీ ఉన్నచోట ఆ రెండో పసుపు తీగ తెల్లగా ఉంది.

ఉంగరం తీసేసిన వేలి మీద మచ్చలా, చుట్టూ తెల్లటి వలయం. పైన పసుపు, కింద పసుపు, మధ్యలో మల్లెపువ్వులా తెలుపు. గోటితో పక్కన గీకాను. పసుపు పొడిలా రాలింది. గోటి సందులో ఇరుక్కుంది. ముక్కు దగ్గర పెట్టుకుంటే పాత నువ్వుల నూనె వాసన లీలగా ఉంది. అప్పుడర్థమైంది. అది తీగ రంగు కాదు. అది మా అత్త పసుపు.

మా అత్త పల్లెలో ఎడ్ల కొమ్ములకి పసుపు రాసిన మనిషి. మామూలు పసుపు కాదు, నువ్వుల నూనెలో కలిపిన పసుపు, వర్షానికీ పోకుండా. భూమి పోయి, ఎడ్లు పోయి, కొడుకు వెంట ఈ రేకుల షెడ్డుకి వచ్చాక ఆవిడకి మొక్కడానికి మెషీన్ తప్ప ఏమీ మిగల్లేదు. దసరాకి ఆయుధపూజ రోజు పొద్దున్నే తలకి పోసుకుని, ఇత్తడి గిన్నెలో పసుపు కలుపుకుని షెడ్డుకి వచ్చేది. సుత్తి దగ్గర్నుంచి గొలుసు దాకా దేన్నీ వదిలేది కాదు. "పనిముట్టు అలగకూడదే గుంటా. అలిగితే కూడెట్టదు" అనేది. కంప్యూటర్ దగ్గరికొచ్చేసరికి మరీ ముద్దు. మూత తీసేసిన పక్క నుంచి చెయ్యి లోపలికి పోనిచ్చి, వేళ్ళతో తీగల కట్టని ఎద్దు మెడ నిమిరినట్టు నిమిరేది. "అత్తా, తీగలకి వద్దే" అంటే, "ఇయ్యి కూడా దీని ఒంట్లోవే కాదేటి" అనేది. ఆఖరి ఏళ్ళలో ఆవిడకి కళ్ళు సరిగా కనబడేవి కాదు. తడిమి తడిమి మరీ రాసేది. పోయినేడాది ముందటేడు ఆవిడ పోయింది.

నల్ల తీగకి పసుపు రాస్తే కనబడదు. ఎర్రదానికి రాసినా మాసినట్టుంటుంది గానీ ఎరుపు పోదు. ఆ తెల్ల తీగ ఒక్కటే ప్రతి దసరాకీ ఇంకాస్త పసుపు తాగి తాగి, చివరికి పసుపు తీగే అయి కూర్చుంది.

కోర్సులో మాకు చెప్పిన మేష్టారి మాట ఎక్కడో అడుగునుంచి పైకి తేలింది. పసుపు పన్నెండు వోల్టులు, ఎరుపు ఐదు, తెలుపు మాత్రం మైనస్ ఐదు. అది ఉల్టా తీగ, పాత కార్డులకే కావాలి, కొత్తవాటిలో తీసేశారు. అందుకే కొత్త ప్లగ్గులో ఆ రంధ్రం ఖాళీ. ఇప్పుడు నేనేం చేశాను? మైనస్ ఐదు ఉండాల్సిన చోట పన్నెండు వోల్టులు పెట్టాను. స్విచ్ వేస్తే కార్డు కాలుతుంది. దాంతోపాటు బోర్డూ కాలొచ్చు. ఈ భూమ్మీద దానికి జత ఇంకొకటి నాకు దొరకదు.

"ఎయ్యనా?" అన్నాడు బావ మూల నుంచి.

నేను ఆ తెల్ల వలయం మీదే వేలు పెట్టి కూర్చున్నాను.

ఈ మాట ఇక్కడ రాయడానికి నాకు సిగ్గు లేదు, ఎందుకంటే అలుపుకి సిగ్గుండదు. ఆ క్షణంలో నాకనిపించింది, చెప్పకపోతే ఏమవుతుంది? బావకి తెలీదు. ఎవరికీ తెలీదు. 'ఊఁ' అంటే చాలు, ఓ మెరుపు మెరిసి, కాస్త పొగ లేచి, ఈ పీడ విరగడవుతుంది. ఎవరి తప్పూ కాదు. పాతది, పోయింది. బావ నాలుగు రోజులు బాధపడతాడు, తర్వాత మేనల్లుడి దగ్గర ఫ్యాన్ కింద కుర్చీలో కూర్చుంటాడు. గొలుసు లాగి లాగి పడిపోయిన ఆ కుడి భుజం రాత్రిళ్ళు నొప్పెట్టదు. నేను ఆదివారం చికెన్ వండుకుంటాను, మధ్యాహ్నం పడుకుంటాను. నాకు ఆ మధ్యాహ్నపు నిద్ర కళ్ళముందు కనబడింది. నిజంగా నోరూరింది.

"ఏటే, ఎయ్యనా వద్దా?"

నా గోట్లో పసుపు ఉంది.

"ఆగు బావా! ఎయ్యకు!" అన్నాను. నా గొంతు నాకే పెద్దగా వినబడింది. లేచి వెళ్ళి ప్లగ్గు ఊడపీకాను.

బావ పరిగెత్తుకొచ్చాడు. తెల్ల వలయం చూపించాను. సంగతంతా చెప్పాను. బావ తీగని రెండు వేళ్ళతో పట్టుకుని వెలుతురులో తిప్పి తిప్పి చూశాడు. తీగ కింద పెట్టేసి, బయటికెళ్ళి మొహం కడుక్కుని వచ్చాడు.

మిగిలింది పనే కాబట్టి తొందరగా చెప్పేస్తాను. కొత్త డబ్బాలో మైనస్ ఐదు లేదు గానీ నీలం తీగలో మైనస్ పన్నెండు ఉంది. దాన్ని ఐదుకి దించే చిన్న మూడు కాళ్ళ ముక్క ఎలక్ట్రానిక్స్ కొట్టులో దొరుకుతుంది. డాబాగార్డెన్స్ వెళ్ళి తెచ్చాను. పసుపు తీగని దాని ముక్కలోకి తిరిగి పంపేశాను. ఆ ముక్క ఒక కాలు నీలం తీగకి, ఇంకో కాలు నల్ల తీగకి అతికి, మూడో కాలికి పాత డబ్బా నుంచి కోసిన తెల్ల తీగనే వేసి, ఆ తీగ మొనని ఖాళీ రంధ్రంలో కూర్చోబెట్టాను. కోసేముందు పసుపంతా గీకేద్దామనుకున్నాను. టంకం పట్టేచోట మాత్రమే గీకి ఊరుకున్నాను. ఈసారి గుచ్చేముందు మీటరు పెట్టి మూడుసార్లు చూసుకున్నాను.

బావ స్విచ్ వేశాడు. రోటర్ తిరిగింది. తెర మీద అంకె లేచింది, ఊగింది, నిలబడింది. బావ అది చెప్పిన చోట ముక్క వెల్డింగ్ చేశాడు. మళ్ళీ తిప్పితే అంకె సగానికి పడింది. ఇంకో ముక్కకి ఇంకా పడింది. చివరికి రోటర్ మీద చెయ్యి పెట్టినా అదురు తెలియనంత నెమ్మదిగా తిరిగింది.

పని గెలిచిన సంబరం మా ఇద్దరి మొహాల్లోనూ లేదు. షెడ్డు గుమ్మంలో కూర్చుని టీ తాగుతున్నాం. రోడ్డు మీద షిఫ్టు బస్సులు పోతున్నాయి. అద్దాలకి తలలానించి నిద్రపోతున్న మనుషులు కనబడుతున్నారు. హార్బర్ వైపు నుంచి ఓడ కూత సన్నగా వినబడింది. బావ గ్లాసులోకి చూస్తూ అన్నాడు.

"ఒక మాట సెప్తాను, తిట్టవు కదా?"

"సెప్పు."

"ఆ రోజు స్విచ్చి మీద సెయ్యేసి నిలబడ్డాను సూడు. కాలిపోతే బాగుణ్ణనుకున్నానే."

నేను గ్లాసు కింద పెట్టాను.

"భుజం లేత్తలేదు" అన్నాడు. "రెండేళ్ళయి లేత్తలేదు. మానీద్దామనే అనుకుంతన్నాను. నువ్వు దీనికోసం బస్సుల్లోపడి తిరుగుతుంటే, ఆదోరాలు బ్రెష్షట్టుకుని కూకుంటే, నా నోటితో మానీద్దామని ఎలగనీది? అదే పోతే నువ్వూ ఏటీ అనుకోవు కదా అని."

నాకు ముందు ఒళ్ళు మండింది. ఎన్నేళ్ళు! నేను నీ మెడ వంగకూడదని దాన్ని మోస్తుంటే, నువ్వు నా మనసు నొచ్చుకోకూడదని మోస్తున్నావా? ఇద్దరం చెరో పక్కా పట్టుకుని, ఎదుటివాళ్ళు వదల్లేదు కదా అని వదలకుండా ఈడ్చుకొచ్చామా? అరుద్దామని నోరు తెరిచాను. నవ్వొచ్చింది. ఆ నవ్వు ఎక్కడికో పోయి ఏడుపైంది.

"నాకూ అదే అనిపించింది బావా" అన్నాను. "నాను అప్పటికే సూసీసేను, అది తెల్లదని. 'ఊఁ' అందామనుకున్నాను."

బావ నా వైపు తిరిగి చూశాడు. కోపం లేదు ఆ చూపులో. "మరి ఆగమన్నావేటి?"

"కాలిపోతే దేనివల్ల కాలిపోయినట్టు? అత్త రాసిన పసుపువల్ల. ఎన్ని దసరాలు తడిమి తడిమి రాసిందో. మన కూడు పోకూడదని రాసిన పసుపు, దాంతోనే మన కూడు పోయిందన్న మాట అత్త మీదకి రానివ్వనా? నీకు తెలియకపోయినా నాకు తెలుస్తాది కదా."

బావ భుజం మీది తువ్వాలు తీసి మొహం మీద వేసుకుని అలాగే కూర్చున్నాడు. తువ్వాలు కిందనుంచే అన్నాడు, "మాయమ్మకి కళ్ళు అవపడీవి కాదే పాపం."

"కనబడీవి కాదు."

టీ చల్లారిపోయింది. ఐస్ ఫ్యాక్టరీ వాళ్ళ బండి వచ్చి రోటర్ పట్టుకుపోయింది. బండి మలుపు తిరిగాక బావ తువ్వాలు దులుపుకుని లేచాడు.

"దసరా దాకా సేద్దాం" అన్నాడు. "ఆ రోజు పసుపు నువ్వు రాయి. పూజ అయిపోనాక మేనల్లుడికి ఫోన్ సేత్తాను. గుడ్మాణింగే కదా, సెప్తాను. నోరేటీ అరిగిపోదు."

"తీగలక్కూడా రాయనా?"

"దేన్నీ వదిలీకు" అన్నాడు.

షెడ్డు తలుపు దించి తాళం వేశాం. ఇంటికెళ్ళి కుళాయి దగ్గర చేతులు కడుక్కుంటుంటే కుడి చేతి బొటనవేలి గోటి సందులో ఆ పసుపు అలాగే ఉంది. పిన్నీసు పెట్టి తీసేస్తే వచ్చేసేదే. నేను తీయలేదు.